పాతరలో ఓక్ పీపా

తెల్లగుడ్డ మోచేతుల దాకా జరిపి చూసేసరికి దూలయ్య పది వేళ్ళలో ఒక్కదానికీ గోరు సరిగా లేదు.

భార్గవి చెయ్యి అక్కడే ఆగింది. సత్తుపల్లి దవాఖానాలో నర్సుగా చేరాక ఆమె శవాలను చూసి జడుసుకోవడం మానేసి చాలాకాలమైంది. పురుగుమందు తాగినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, బొగ్గు టిప్పర్ల కింద పడ్డవాళ్ళు, అందరూ ఆమె చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళే. కానీ ఇలాంటి వేళ్ళు ఎన్నడూ చూడలేదు. కొన్ని గోళ్ళు సగానికి విరిగాయి. కొన్ని కండతో సహా లేచిపోయాయి. లేచిపోయిన చోట సన్నటి చెక్కపేళ్ళు దిగబడి ఉన్నాయి.

శవాన్ని దింపిపోతూ పోలీసులు చెప్పిన మాట ఒకటే. రావుగారి తోటలో పనిచేసే కోయమనిషి. పాతరలో దాచిన బీరు దొంగతనంగా తాగి, మత్తులో పడి చచ్చాడు. అంతే.

"సార్, ఒక్కసారి ఇటు చూడండి," అంది భార్గవి డాక్టరుతో. "తాగి పడిపోయినోడు గోళ్ళు ఊడేదాక చెక్కను గీకుతడా?"

డాక్టరు చేతులు కడుక్కోవడానికి తిరిగినవాడు మళ్ళీ వంగాడు. ఈసారి కొంచెం ఎక్కువసేపే వంగాడు. కడుపు కోసి చూస్తే పొద్దున తాగిన జావ తప్ప చుక్క బీరు లేదు.

సాయంత్రానికి కేసు తిరగబడింది. ప్రమాదం కాదు. మనిషి లోపల ఉండగా ఎవరో పాతర మూతకు గడియ పెట్టారు. హత్య.

భార్గవికి ఆ పూట కొంచెం గర్వంగానే ఉంది. తను ఆ వేళ్ళు చూడకపోతే దూలయ్య చావు తాగుబోతు చావుగా మట్టిలో కలిసిపోయేది. అతను పరాయివాడు కూడా కాదు. ఆమె తండ్రి రెడ్యా ఆ తోటకు వాచ్‌మన్. దూలయ్యా, ఆయనా ఏళ్ళ తరబడి ఒక్కచోట పనిచేశారు. డ్యూటీ దిగి, పెనుబల్లి బస్సెక్కి, తండా దగ్గర దిగి ఇంటికొచ్చేసరికి తల్లి సోమ్లి గుమ్మంలో కూలబడి ఉంది.

"మీ బాపును జీపుల ఏసుకొని పోయిండ్రే," అంది సోమ్లి. "పాతర గడియ మీద మీ బాపు చెయ్యే ఉందంట. దూలయ్యను ఆయనే సంపిండంట. నువ్వే దవాఖానల ఏందో చూసి డాక్టరుకు చెప్పినవంట గదా? ఎందుకు చూసినవే? నీ కండ్లు పోను, ఎందుకు చూసినవే?"

భార్గవి ఇంట్లో అడుగు పెట్టలేదు. చెప్పుల కాళ్ళతోనే వెనక్కి తిరిగి స్టేషన్ దారి పట్టింది.

రావుగారంటే వెంకటేశ్వరరావు. సత్తుపల్లి, పెనుబల్లి చుట్టుపక్కల ఆయన పేరు తెలియనివాడు లేడు. ఆయనవి మూడు వైన్‌షాపులు. కానీ తను అమ్మే సరుకు తను ముట్టడు. "అది గేదె ఉచ్చరా! తాగేవాడు గాడిద, అమ్మేవాణ్ణి నేను," అని పదిమందిలో అని నవ్వేవాడు. తన గొంతుకోసం కనకగిరి గుట్టల కింది మామిడితోటలో సొంతంగా బీరు కాచుకునేవాడు.

అదీ మామూలు బీరు కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని ఎక్కడెక్కడినుంచో తెప్పించి, మామూలుకు రెండింతలు పోసి, పెళ్ళివంటల డేగిశాల్లో ఉడికించేవాడు. అందులో హాప్స్ అనే చేదు పూమొగ్గలు పోసేవాడు. గుప్పెళ్ళతో కాదు, బుట్టలతో. కాచిన రోజు నిమ్మతొక్కా వేపచిగురూ కలిపి నలిపినట్టు తోటంతా ఒకటే వాసన. పులిసిన బీరును నాసిక్ నుంచి లారీలో వచ్చిన ఓక్ చెక్క పీపాలో పోసి నెలలకు నెలలు మగ్గబెట్టేవాడు. రెండు గ్లాసులు పడితే కల్లుకు అలవాటుపడ్డ ఒళ్ళు కూడా గోడ పట్టుకోవలసిందే. ఇప్పుడు పీపాలో ఉన్నది పోయిన వానాకాలం పోసింది. దానికి 'గుట్టపులి' అని పేరు కూడా పెట్టుకున్నాడు.

ఒకసారి హైదరాబాదులో, ఇళ్ళలో బీరు కాచుకునేవాళ్ళ పోటీకి ఒక సీసా పట్టుకుపోతే, ఎవడో కుర్రవాడు "వైన్‌షాపు అంకుల్ కూడా కాచాడండోయ్" అని నవ్వాడట. ఆ నవ్వు ఆయన ఒంట్లో తుమ్మముల్లులా దిగింది. ఆ కుర్రవాడి నోట్లో ఈ గుట్టపులి పోసి, మళ్ళీ నవ్వమనాలి. అదీ ఆయన పంతం. పోటీ దగ్గర్లోనే ఉంది.

లైసెన్సు లేకుండా కాచడం నేరం. దొరికితే పీపాతోపాటు వైన్‌షాపులకూ తాళం పడుతుంది. అందుకే పాతరలో పెట్టాడు.

తాతలనాడు జొన్నలు దాచుకున్న గొయ్యి అది. షెడ్డు నడిమధ్య, నేల కింద రెండు నిలువుల లోతు, చుట్టూ రాతిగోడ. పైన రాళ్ళు పగిలే ఎండ కాస్తున్నా లోపల కుండలో నీళ్ళలా చల్లగా ఉంటుంది. బీరుకు ఆ చల్లదనమే కావాలి. పీపా అందులోనే, దాని పక్కన కొత్తగా పులుస్తున్న డ్రమ్ములూ అందులోనే. పైన టేకుమూత. మూతకు ఇనుపగడియ.

బీరు పులిసేటప్పుడు ఒక చెడ్డగాలి పుడుతుంది. రంగుండదు. అది మామూలు గాలికన్నా బరువు. పాతరలో నీళ్ళు ఊరినట్టు అడుగునుంచి నిండుకుంటూ వస్తుంది. అందులో మునిగినవాడు నీళ్ళలో మునిగినట్టే పోతాడు.

"బాపూ, నిజం చెప్పు. ఆ గడియ నువ్వేసినవా?"

రెడ్యా స్టేషన్ వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందున్న టిఫిన్ పొట్లం విప్పనే లేదు.

"ఏసినోణ్ణి కాదు బిడ్డా, తీసినోణ్ణి," అన్నాడు. "ఆ పగలంత సారు నన్ను కోతుల ఎంబడి తోలిండు. కాయలన్ని కొరికి పారేస్తున్నయి, గుట్టదాక తరుముకొని పో, నేను పిలిచేదాక రాకు అన్నడు. పొద్దుగూకంగ పిలిచిండు. దూలయ్య అవుపడ్తలేడు, పాతర తీసి చూడు అన్నడు. గడియ తీసిన. నిచ్చెన మొదట్ల పడి ఉండు."

"నువ్వు దిగినవా?"

"దిగబోతె సారే రెక్క పట్టి ఆపిండు. దీపం లేకుండ దిగకు, సస్తవ్ అన్నడు." రెడ్యా గొంతు తగ్గించాడు. "అదే నాకు సమజైతలేదు బిడ్డా. పాతరలకు దిగేముందు మేం తాడుకు కిరసనాయిలు బుడ్డి కట్టి ఇడుస్తం. దీపం ఆరిందా, లోపల గాలి మంచిగ లేదన్నట్టు. ఎవ్వడు దిగడు. మా తాతలనాటి సంది గంతే. ఆ బుడ్డిని బందు వెట్టించిందే సారు! కిరసనాయిలు పొగ ఆయన బీరుకు పడుతదంట. బుడ్డికి బదులు ఛార్జింగ్ లైటు ఇచ్చిండు. ఛార్జింగ్ లైటు ఆరుతదా? దూలయ్య పక్కల్నే పడి ఉండె అది. ఎలుగుతనే ఉంది, తెల్లగ, ఆయన మొఖం మీదికే."

బుడ్డిని మాన్పించినవాడికి సరిగ్గా ఆ సాయంత్రమే బుడ్డి ఎందుకు గుర్తొచ్చింది? లోపలి గాలి మనిషిని తినేసిందని ఆయనకు మూత తీయకముందే తెలుసు. భార్గవి టిఫిన్ పొట్లం విప్పి తండ్రి ముందుకు జరిపింది.

"ఇంకో మాట చెప్తా విను. నలుగురం తాళ్ళేసి శవాన్ని పైకి గుంజుతుంటె సారు మీదనుంచి ఒకటే కేక. ఏమని? పీపాకు తగలకుండ తీయండ్రా, కదిలితే మడ్డి లేస్తది అని."

భార్గవి అప్పటిదాకా ఏడుపు ఆపుకుంటూ ఉంది. ఆ మాటతో ఏడుపు వెనక్కి పోయింది.

ఎస్.ఐ. అనిల్‌కుమార్ టోపీ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు. కళ్ళకింద నిద్రలేని చారలు.

"టైమైంది సిస్టర్. రేపు మీ నాయిన్ని కోర్టుకు పంపుతా."

"ఆయన చంపలే సార్."

"పోయిన వారం దూలయ్యతోని కొట్లాడిండని పదిమంది చెప్తుండ్రు."

"కల్లుముంత కాడ కొట్లాట సార్ అది. తెల్లారి ఇద్దరు ఒకే ముంతల తాగిండ్రు. మరి రావుగారు యాడున్నడంట ఆ రోజు?"

"పొద్దున్నుంచి ఖమ్మం మిర్చి యార్డుల."

"ఎవరు చూసిండ్రు?"

"ఆయన చెప్పిండు. ఇక్కడ ఆయన చెప్తే నలుగురు చూసినట్టే," అన్నాడు ఎస్.ఐ. నవ్వకుండా. "గడియ మీద మీ నాయిన వేలిముద్రలు తప్ప ఇంకొకరివి లేవు."

"రోజూ ముగ్గురు తీసి పెట్టే గడియ సార్. ఒక్కరి చెయ్యే ఉందంటె మిగతావి ఎవరో తుడిచినట్టు కాదా?"

ఎస్.ఐ. టోపీ తలకు పెట్టుకున్నాడు. "అది నాకు తట్టలేదనుకుంటుండ్రా? నాకు తట్టింది కోర్టుకు చాలదు సిస్టర్."

మర్నాడు పొద్దున్నే జంపక్క దవాఖానా మార్చురీ మెట్లమీద కూర్చుని ఉంది. దూలయ్య భార్య ఆమె. పుట్టిల్లు భద్రాచలం అవతలి అడవిలో. శవం అప్పగిస్తే గూడేనికి తీసుకుపోదామని రాత్రంతా అక్కడే ఉంది. ఒళ్ళో స్టీలు క్యారియరు ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా కూర్చుంది.

భార్గవి పక్కన కూర్చుంది. "మా బాపు చంపిండని నువ్వు కూడ నమ్ముతున్నవా అక్కా?"

"రెడ్యన్నా?" జంపక్క తల అడ్డంగా ఊపింది. "కోతిని కొట్టనీకె చెయ్యి రాదు ఆయనకు. మనిషిని కొడతడా?"

"ఆ రోజు నువ్వు తోటకు పోయినవా?"

"పోయిన. అన్నం తీస్కపోయిన." క్యారియరు మూతమీద వేలు రాసింది. "రావుగారు షెడ్డుల ఉండె. మంచం ఏసుకొని కూసున్నడు."

భార్గవి చటుక్కున ఆమెవైపు తిరిగింది. "ఆయన ఖమ్మంల ఉన్నడంట గదా!"

"ఏ ఖమ్మం? నా కండ్లతోని చూసిన. జీపుల ఇద్దరు వచ్చిండ్రు, ప్యాంట్లోళ్ళు. తనిఖీ చేసేటోళ్ళంట. అందరు మజ్జిగ తాగుతుండ్రు. రేడియో గట్టిగ మోగుతుంది."

"మంచం ఎప్పుడు వేపచెట్టు కింద ఉంటది గదా అక్కా?"

"ఆ రోజు షెడ్డు నడుమ ఉండె, గోనెసంచుల మీద. దూలయ్య ఏడి సారూ అన్న. పెనుబల్లి పంపిన, ఇంటికి పో అన్నడు." క్యారియరు పట్టుకున్న చేతులు బిగిశాయి. "అప్పుడే నేలలకెల్లి సప్పుడొచ్చింది. డబ్ డబ్ అని. ప్యాంటాయన ఒకడు ఏందది అన్నడు. రావుగారు పకపక నవ్విండు. పందికొక్కులు బోన్ల పడ్డయి, కొట్టుకుంటున్నయి, నీ మొగడు పెట్టిన బోనే గదా జంపక్కా అన్నడు. వాళ్ళు నవ్విండ్రు." ఆమె భార్గవి మొహంలోకి చూసింది. "నేను గూడ నవ్విన."

భార్గవి ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం తప్ప నర్సుకు తెలిసిన మందేదీ ఆ గాయానికి లేదు.

"పోలీసులకు చెప్పలేదా ఇది?"

"నన్నెవరడిగిండ్రు?"

భార్గవి ఫోను చేసి చెప్పిందంతా ఎస్.ఐ. విన్నాడు. "ఆ వచ్చినోళ్ళు వచ్చినమని ఒప్పుకోరు సిస్టర్. మజ్జిగ తాగిపోయినోడు తాగినని సంతకం పెడతడా? ఇటు జంపక్క ఒక్కతే, అటు రావుగారు. నాకు ఆయన నోటిమాట కావాలె. అది కూడ నా ముందు వద్దు. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టుల నిలబడదు. మీరు వినాలె, ఫోన్ల ఎక్కాలె."

"ఆయన ఎందుకు చెప్తడు సార్?"

"ఆయన దేనికన్న భయపడితే చెప్తడు. మధ్యాహ్నం దాక మీ నాయిన్ని ఇక్కడే ఆపుత. తర్వాత నా చేతుల ఉండదు."

రావు దేనికి భయపడతాడు? పోలీసులకు భయపడడు, వాళ్ళకు జీపులో డీజిలు కొట్టించేది ఆయనే. దేవుడికీ భయపడడు, భద్రాద్రి రాముడికి ఏటా ముత్యాలు మొక్కి, దొంగ బిల్లు పెట్టి ఆ డబ్బు మళ్ళీ రాబట్టుకునే మనిషని ఊళ్ళో చెప్పుకుంటారు. భార్గవి మార్చురీ మెట్లమీద కూర్చుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చింది. చివరికి శవాన్ని లాగుతున్నప్పుడు ఆయన పెట్టిన కేక మిగిలింది.

"అక్కా," అంది. "మీ ఇంట్ల గొడ్డలుందా?"

పోలీసులు పులుస్తున్న డ్రమ్ములను పారబోయించి, పాతర మూత తెరిచి వదిలేశారు. పీపాను మాత్రం ఎక్సైజువాళ్ళు వచ్చి సీలు వేయాలట. వాళ్ళు రావడాన్ని రావుగారు ఒకరోజు వాయిదా వేయించుకున్నాడు. ఆ ఒక్కరోజులో పీపాను ట్రాక్టర్ ఎక్కించి దాటించేస్తాడు. అంటే ఈ పూట ఆయన షెడ్డుకు రాక తప్పదు.

ఎస్.ఐ.కి చెప్పి ఇద్దరూ షెడ్డుకు చేరాక, భార్గవి తాడుకు బుడ్డి కట్టి ముందు దాన్ని పాతరలోకి దింపింది. దీపం అడుగుదాకా పోయి నిటారుగా వెలిగింది. ఆ తర్వాతే జంపక్క దిగింది. నడుము కొంగులో గొడ్డలి, రవికెలో భార్గవి ఫోను. ఫోను అప్పటికే వింటోంది.

"భయమైతుందా అక్కా?"

"నా మొగడు ఆఖరుకు ఉన్న జాగ ఇది. భయమేంది?" అంది కిందినుంచి.

ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. రావు ఒక్కడే షెడ్డులోకి వచ్చాడు. తెల్లలుంగీ, బనీను, మెడలో వేలెడు గొలుసు. భార్గవిని చూసి ఆగి, నవ్వాడు.

"ఎవరూ, నర్సమ్మా? మీ అయ్య బెయిలు కోసమా? లాయర్ని నేనే పెడతాలే. నా తోటలో కుక్కలా తిరిగినవాడు, అంత విశ్వాసం నాకు లేకపోలేదు."

"లాయరు వద్దు సార్. మీరే చాలు."

"నేనేం చెయ్యనమ్మా? మీ లంబాడోళ్ళ కోపం అలాంటిది. తాగితే తమ్ముణ్ణీ చూడరు, తోడువాణ్ణీ చూడరు. అసలు గోళ్ళూ గీళ్ళూ అని కెలికింది నువ్వేనటగా? నోరు మూసుకుని ఉంటే మీ అయ్య ఈపాటికి నాకు కొబ్బరిబోండాం కొట్టి ఇస్తుండేవాడు."

నేల కిందినుంచి డబ్ మని చప్పుడు వచ్చింది. మళ్ళీ ఇంకోటి.

రావు మొహంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే గడ్డకట్టింది. "ఏంటది?"

"పందికొక్కు సార్," అంది భార్గవి.

ఆయన రెండంగల్లో పాతర మొహం దగ్గరికి వచ్చి వంగాడు. అడుగున బుడ్డిదీపం. ఆ వెలుగులో పీపా. పీపా పక్కన మోకాలు మడిచి కూర్చున్న ఆడమనిషి. చేతిలో గొడ్డలి.

"ఎవరే అక్కడ?"

"నేను సారూ. జంపక్కను."

ఆయన నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. "రెండో కాలు పెట్టినవంటె కొడత," అంది జంపక్క. గొంతు పెంచలేదు. ఆయన పెట్టిన కాలు తీశాడు.

"మీ గూడెం గూడేన్ని లోపలేయిస్తా, ఏమనుకుంటున్నావో! ఆడా మగా ఒక్కణ్ణి వదలను!"

సమాధానంగా గొడ్డలి మడమ పీపా నడుముకున్న ఇనుపపట్టీ మీద ఖంగున పడింది. పాతరంతా మోగింది. రావు గొంతులోంచి వచ్చిన చప్పుడు మనిషి చప్పుడులా లేదు.

"ఆగు, ఆగవే తల్లీ! పట్టీ జారితే చెక్కలన్నీ విచ్చుకుంటాయి! ఏం కావాలి మీకు? చెప్పండి, ఏం కావాలో!"

"నా మొగడు ఎట్ల సచ్చిండు?" అంది జంపక్క. "నువ్వు చెప్పాలె. చెప్తె గొడ్డలి ఈడ పెట్టి ఎక్కివస్త."

రావు నెమ్మదిగా లేచి భార్గవివైపు తిరిగాడు. తెలివి తిరిగొచ్చింది కళ్ళల్లోకి. "ఓహో. నీ ఎత్తా ఇది? ఫోను తియ్."

"లేదు సార్."

ఆయన ఆమె సంచి లాక్కుని బోర్లించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, దవాఖానా గుర్తింపుకార్డు కిందపడ్డాయి. షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి, గోడల వెనక, బార్లీ బస్తాల వెనక చూసుకున్నాడు. ఎవరూ లేరు. ఎస్.ఐ. జీపు తోట గేటుకు చాలా అవతల, రోడ్డు వంపులో ఉంది. గూడెం ఆడమనిషి రవికెలో ఫోను ఉంటుందన్న ఆలోచన మాత్రం రావుకు రాలేదు. వచ్చే అవకాశం లేదు. ఆయన లెక్కలో ఆమె మనుషుల్లో లేదు.

భార్గవి వంగి గుర్తింపుకార్డు ఏరుకుంది. ఇప్పుడు ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోతే తండ్రి జైలుకు పోతాడు. అంతే, ఇంకో దారి లేదు.

రావు వెళ్ళలేదు. పీపావైపు ఇంకోసారి చూశాడు. లుంగీ పైకి దోపుకుని పాతర అంచున గొంతుక్కూర్చున్నాడు. ఊరట పడ్డవాడిలా చిన్నగా నవ్వాడు కూడా.

"ఇంతేనా? దీనికింత గోలా? ఎవరితో చెప్పుకుంటారే మీరిద్దరూ? మొగుడు పోయి పిచ్చెత్తినదొకతి, అయ్య జైల్లో ఉన్నదొకతి. సరే, విను జంపక్కా. దాపరికం దేనికి?

"నీ మొగుణ్ణి నేనే దింపా. డ్రమ్ముల్లో హాప్స్ సంచులు వెయ్యాలి, అదను దాటితే వాసన పట్టదు. ముందు బుడ్డి వదిలి చూస్తా సారూ అన్నాడు. పొగ పడుద్దిరా వెధవా అని ఛార్జింగ్ లైటిచ్చి దింపా. వాడు దిగాడో లేదో జీపు చప్పుడు. ఎవడో కళ్ళల్లో నిప్పులు పోసుకుని అర్జీ పెట్టాడు నా మీద. మూత వేసి గడియ పెట్టా. గోనెసంచులు పరిచి పైన మంచం లాక్కుని కూర్చున్నా. కాసేపు ఓర్చుకుంటాడులే అనుకున్నా, అబద్ధమెందుకు. ఓర్చుకోలేదు. కొట్టడం మొదలెట్టాడు. సరిగ్గా నా కిందే కొట్టాడే. నులక అదురుతుంటే నా ఒంటికి తెలుస్తూనే ఉంది.

"నువ్వు క్యారియరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు చూడు, అప్పుడు వాడు నీ పేరు పెట్టి పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. నీ గొంతు విన్నట్టున్నాడు. రేడియో పెంచా. నీకు వినపళ్ళేదు గదా? పందికొక్కులన్నా. నువ్వు నవ్వావు. నువ్వు నవ్వబట్టే వాళ్ళు నమ్మారు జంపక్కా, లేకపోతే మంచం జరిపి చూసేవాళ్ళే. ఆ మేలు మాత్రం నీదే.

"తర్వాత కొట్టడం పోయి గీకడం వచ్చింది, పిల్లి తలుపు గీకినట్టు. వాళ్ళు ఇంకో గ్లాసు మజ్జిగ అడిగారు. పోశా. ఒక్క చుక్క కింద పడలేదు. జీపు పోయాక సంచులు తీసి మూతమీద చెవి పెట్టా. ఊపిరుంది. గురగురమంటోంది. గడియ మీద చెయ్యి కూడా వేశా. అక్కడ ఆలోచన వచ్చింది. తీస్తే బతుకుతాడు. బతికితే నోరు మూసుకుంటాడా? గూడెమంతా చెప్తాడు, మళ్ళీ అదే జీపు వస్తుంది. పీపా పోతుంది, షాపులు పోతాయి, హైదరాబాదులో ఆ కుర్రకుంక మళ్ళీ నవ్వుతాడు. దేనికి? ఒక దూలయ్య కోసమా? తోటలో పనికి మనుషులకేం కరువే? అందుకని గడియ అలాగే ఉంచి, లుంగీ కొసతో శుభ్రంగా తుడిచి, మంచం వేపచెట్టు కిందికి లాక్కుపోయి పడుకున్నా. మంచి గాలి వీస్తోందేమో, కునుకు కూడా పట్టింది.

"రెడ్యాగాడికి ఏ పాపం తెలీదు. పొద్దున్నే గుట్టకు తోలా వాణ్ణి. చీకటిపడుతుంటే పిలిచి, గడియ తీయరా అన్నది నేనే. ఎవడిదో ఒకడి చెయ్యి పడాలి గదా దాని మీద?"